ఉప్పునీళ్ళ పంక్తి

మూడేళ్ళపాటు నేను ఎలుకల ఊపిరి లెక్కపెట్టాను. ఈ మాట ఎవరితో అన్నా రెండే రకాల మొహాలు కనబడతాయి. ఒకటి జాలిపడేది, రెండోది ఇంకే పనీ దొరకలేదా అని అడిగేది. మా అత్తగారిది రెండో రకం. ఎలుకల్ని అలిసిపోయేలా చెయ్యడానికి మూడేళ్ళెందుకని ఆవిడ సందేహం. వంటింట్లో దూరినవాటిని ఆవిడ చీపురు పుచ్చుకుని పావుగంటలో అలిసిపోయేలా చేస్తుందట, అందుకు డాక్టరేటు పట్టా కూడా అడగదట.

నా పనేమిటో ఆవిడకి అర్థమయ్యేలా చెప్పాలని చాలాసార్లు ప్రయత్నించాను. ఛాతీకీ పొట్టకీ మధ్య గొడుగు గుడ్డలా డయాఫ్రమ్ అనే కండరం ఒకటి పరుచుకుని ఉంటుంది. అది కిందికి దిగితే ఊపిరి లోపలికి వస్తుంది, పైకి లేస్తే బయటికి పోతుంది. పుట్టిన క్షణం నుంచి దానికి ఒక్క పూట సెలవు లేదు. ఒంట్లో ఎక్కడో మొదలైన ఇన్ఫెక్షన్ రక్తంలో కలిసి ఒళ్ళంతా పాకి, రక్తపోటు పడిపోయి, మనిషి ప్రాణం మీదికి వచ్చే స్థితిని డాక్టర్లు సెప్టిక్ షాక్ అంటారు. అప్పుడు ఊపిరి మామూలు కంటే ఎంతో గట్టిగా తియ్యాలి. సరిగ్గా అప్పుడే ఈ కండరం చేతులెత్తేస్తుంది. ఉబ్బసానికి వాడే ఒక పాత మందు ముందుగా ఇస్తే అది ఇంకాస్త సేపు ఓపిక పడుతుందా పట్టదా అన్నదే నా ప్రశ్న. అంతా విని మా అత్తగారు, అయితే ఆ కండరానిది కోడలి ఉద్యోగమన్నమాట అంది. ఆవిడ కోడలిగా ఉన్న రోజుల గురించి అన్నదో, నన్ను చూసి అన్నదో అడగలేదు.

మా ప్రయోగశాల పాత ఆస్పత్రి వెనక ఒక పొడుగాటి నడవ చివర ఉంటుంది. కింది అంతస్తులో ఎలుకల గది, పైన నా యంత్రం. ఎలుకకి పూర్తిగా మత్తిస్తాను. ఆ మత్తులోంచి అది మళ్ళీ లేవదు, నొప్పీ తెలియదు. తర్వాత బాక్టీరియా విషం ఎక్కించి, మెడ దగ్గరి నరానికి కరెంటు చురక పెడితే డయాఫ్రమ్ లాగుతుంది. ఆ లాగుడు తెర మీద కొండలా లేస్తుంది. ఆ కొండ సగానికి తగ్గడానికి ఎన్ని నిమిషాలు పట్టిందో రాసుకోవాలి, అంతే. ఆ అంతే అనిపించుకోవడానికి యంత్రంతో రెండేళ్ళు కుస్తీ పట్టాను.

సగం ఎలుకలకి పొద్దున్నే మందు పొడవాలి, సగానికి ఉప్పునీళ్ళు. దేనికి ఏది పడిందో నాకు తెలియకూడదు. తెలిస్తే మందు పడ్డ ఎలుక కొండ నా కంటికి ఓ పిసరు ఎత్తుగా కనబడుతుంది. మన కళ్ళకి మన మీద అంత ప్రేమ. అందుకని ఆ రహస్యం ఇంకో మనిషి దగ్గర ఉండాలి.

ఆ మనిషిని మా పెద్దాయన ఎంచాడు. పెద్దాయనంటే మా విభాగానికి అధిపతి, నా పరిశోధనకి మార్గదర్శి, ఆ నెలాఖరుకి రిటైరవబోయేవాడు. ఆయన ఎంచింది ఎలుకల గది చూసుకునే బాబాయిని. అందరికీ అతను బాబాయే, తనకంటే మూడేళ్ళు పెద్దయిన పెద్దాయనకి కూడా. ఈ పనిలోకి రాకముందు బాబాయి ఇరవై రెండేళ్ళు ఒక హాస్టల్లో వడ్డన చేశాడు. వార్డెను బంధువుకీ, ఫీజు కట్టని వాడికీ ఒకటే గరిటె, ఒకటే కొలత. పంక్తిలో వలపక్షం చూపించాడన్న మాట ఇన్నేళ్ళలో ఒక్కరి నోటా రాలేదు. అంతకంటే నిష్పక్షపాతి భూమ్మీద దొరకడని పెద్దాయన తేల్చేశాడు. చీటీలు తీసి ఏ ఎలుకకి ఏ సీసాలోది పడాలో నువ్వే రాసుకో, నువ్వే పొడువు, ఎవరేం అడిగినా చెప్పకు, నేనడిగినా చెప్పకు అని అప్పజెప్పాడు. బాబాయి ఆ రోజు నుంచి ఎంత పట్టింపుగా ఉన్నాడంటే, గదిలో ఎన్ని ఎలుకలున్నాయని అడిగినా నవ్వి ఊరుకునేవాడు.

ఎలుకలకి మేం అంకెలిస్తాం. అంకెలు బాబాయి ఒంటికి పడవు. అందుకని వరసలు పెట్టుకున్నాడు. నాలుగో నంబరు తోడల్లుడు. తొమ్మిదోది మగదే అయినా వియ్యపురాలు, ఎందుకంటే ఏం పెట్టినా వాసన చూసి మొహం తిప్పుకునేది. వియ్యపురాలి డయాఫ్రమ్ నలభై నిమిషాలు లాగింది అని నేను తలుపు దగ్గర నిలబడి చెబుతుంటే, ఒకసారి బయట నుంచి వచ్చిన పెద్దమనిషి ఒకాయన వెనక్కి తిరిగి వెళ్ళిపోయాడు.

ముప్ఫై రెండు ఎలుకలు పూర్తయ్యాక బాబాయి నోటుపుస్తకం తెరిచాం. మందు పడ్డవి సగటున నలభై ఒక్క నిమిషాలు తట్టుకున్నాయి. ఉప్పునీళ్ళు పడ్డవి నలభై.

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఆ రోజు అది ముక్కు దిగి గదంతా తిరిగింది. యంత్రం కుదుర్చుకునే రోజుల్లో ఏ మందూ పడని ఎలుకలు ఇరవై నిమిషాలు దాటిన పాపాన పోలేదు. ఇప్పుడు ఉప్పునీళ్ళకి ఇంత మహిమ ఎక్కణ్ణుంచి వచ్చింది? అదే నిజమైతే సముద్రం ఒడ్డున ఎవరికీ ఆయాసం రాకూడదు.

పెద్దాయన మాత్రం చల్లగా ఉన్నాడు. మందు పనిచెయ్యదని తేలింది, అదీ ఫలితమే, రాసి పట్టుకురమ్మన్నాడు. పది రోజుల్లో పరీక్ష పెట్టించి నాకు పట్టా ఇప్పించి వెళ్ళి మొక్కలకి నీళ్ళు పోసుకుంటాడట. ఆయన ఉండగా పట్టా వస్తే నా తాత్కాలిక ఉద్యోగం పర్మనెంటు అవుతుంది. ఆయన వెళ్ళిపోతే నా కాగితాలు ఇంకొకరి బల్ల మీదికి పోతాయి, ఆ ఇంకొకరు నా మొహం చూడాలో అక్కర్లేదో వాళ్ళిష్టం. కాబట్టి నోరు మూసుకుని రాసుకోవాలి. రాయడం మొదలుపెట్టాను కూడా. కానీ నాకు నోరు మూసుకోవడం చేతకాదు, అది మా అత్తగారు కూడా ఒప్పుకుంటుంది.

ప్రతి ఎలుక రక్తం నుంచీ రెండు చుక్కలు ఫ్రిజ్‌లో దాచి ఉంచాం. వాటిని పట్టుకెళ్ళి పై అంతస్తులో రక్తంలో మందు పాళ్ళు చూసే అతనికి ఇచ్చాను. అందరూ అతన్ని రసాయనం అంటారు, చాలా ముక్తసరి మనిషి. రెండు రోజుల తర్వాత వచ్చి నా బల్ల మీద కాగితం పెట్టాడు.

"మందు పడ్డవాటిలో మందుంది. ఉప్పునీళ్ళ వాటిలో దాని చుట్టముంది," అన్నాడు.

"ఏం చుట్టం?"

"కాఫీ. మీ ఎలుకలు కాఫీ తాగుతున్నాయి."

కాఫీలో ఉండే సరుకూ, నా ఉబ్బసం మందూ ఒకే వంశానివి. రెండూ ఊపిరి కండరానికి ఉత్సాహం ఇచ్చేవే. ఆ సంగతి నాకు బాగా తెలుసు, పట్టా కోసం రాస్తున్న పుస్తకం మూడో అధ్యాయంలో నేనే రాశాను. అయినా ముందు రసాయనం మీదే విరుచుకుపడ్డాను. కాఫీ కప్పు పక్కన పెట్టుకుని పరీక్ష చేసి ఉంటావన్నాను. తను పుట్టి బుద్ధెరిగాక కాఫీ ముట్టలేదనీ, తన కడుపుకి పడదనీ అతను చాలా బాధపడుతూ చెప్పాడు. పదహారు ఉప్పునీళ్ళ ఎలుకల్లోనూ ఉండి, పదహారు మందు ఎలుకల్లో ఒక్కదానిలోనూ లేదంటే అది ఒలికిపోయిన కాఫీ కాదు. ఎవరో చూసి చూసి పోసిన కాఫీ. ఏ ఎలుకకి ఏది పడిందో తెలిసిన మనిషి ఈ భవనంలో ఒక్కడే ఉన్నాడు.

నేను మెట్లు ఎలా దిగానో నాకు గుర్తు లేదు. బాబాయి పంజరాల్లో రంపపు పొట్టు మారుస్తున్నాడు. కాఫీ పోశావా అని అడిగితే దొంగలా చూస్తాడనుకున్నాను. మొహం విప్పారింది.

"పోశానమ్మాయ్. ఒక్కో దానికీ పది చుక్కలు, చల్లార్చి, చక్కెర లేకుండా. నువ్వు కనిపెట్టేశావే."

"ఎందుకు బాబాయ్?"

"సగం మందికి మందు పొడిచి, సగం మందికి ఉత్త ఉప్పునీళ్ళా? ఎంత ఎలుకలైనా ఒక గదిలో వాళ్ళు. నా చేత్తో నేను వలపక్షం ఎలా చెయ్యను? చీటీలో లేని ఎలుకకి మందు పొడవడం నా హద్దు కాదు. కాఫీ నాది."

మరి చెప్పలేదేం అని అరిచాను. ఎవరేం అడిగినా చెప్పొద్దన్నారుగా అన్నాడు. వాదించడానికి అందులో ఎక్కడా సందు లేదు. నిష్పక్షపాతి కావాలని ఏరి కోరి తెచ్చుకున్నాం, ఆయన తన పని తను చేశాడు. నాకు నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది. రెండూ కలిసి వస్తే ఎక్కిళ్ళు వస్తాయని ఆ రోజే తెలిసింది. బాబాయి కంగారుపడి కాఫీ ఇవ్వబోయాడు.

పరీక్ష ఇంకా నాలుగు రోజులుంది. ఈ సంగతి తెలిసింది నాకూ, బాబాయికీ, రసాయనానికీ. రసాయనం ఏడాదికి నాలుగు మాటలు మాట్లాడతాడు, ఈ ఏడాదివి అయిపోయాయి. నేను కిక్కురుమనకుండా ఉంటే మందు పనిచెయ్యదన్న పుస్తకంతో పట్టా వచ్చేస్తుంది. చెబితే మూడేళ్ళ పని కాఫీలో కలిసిపోతుంది. ఇంటికెళ్ళి అన్నం ముందు కూర్చుని ముద్ద ఎత్తలేదు. మా ఆయన అడిగితే తలనొప్పన్నాను. మా అత్తగారిని అలా నమ్మించడం కుదరదు, ఆవిడ కంచం పక్కకి జరిపి మొత్తం కక్కించింది.

ఎలుకలకి కాఫీ అన్న చోట ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని చాలాసేపు నవ్వింది. నవ్వడం అయ్యాక ఒక్క ప్రశ్న అడిగింది.

"రేపు నాకే ఊపిరాడని గతి పడితే, ఆ డాక్టరు నీ పుస్తకం చూసి మందు పక్కన పెట్టేస్తాడా?"

"పెట్టెయ్యొచ్చు అత్తయ్యా."

"అయితే అలా రాయకు. నేను పోతే నీకు సుఖమే అనుకో, కానీ డాక్టర్ల దగ్గరికి మిగతావాళ్ళు కూడా వెళతారుగా."

పరీక్ష రోజున నడవ చివరి గదిలో పొడుగు బల్ల వేశారు. పెద్దాయన ఇస్త్రీ మడత నలగని చొక్కాలో కూర్చున్నాడు. పక్కన బయట నుంచి వచ్చిన పరీక్షాధికారి, తల పూర్తిగా నెరిసిన ఒక పెద్దావిడ. ఇంకొకాయన కూడా ఉన్నాడు గానీ ఆయన చివరిదాకా బిస్కట్ల పనిలోనే ఉన్నాడు. కాఫీ వడ్డన బాబాయిది. ప్రతి కప్పునీ కంటి ఎత్తుకి ఎత్తి, పక్క కప్పుతో సరిచూసి, తక్కువైన దాంట్లో రెండు చుక్కలు పోసి అందించాడు.

నేను నిలబడి మొదటి బొమ్మ వేశాను. నలభై ఒకటి, నలభై. నిజంగా భయమేసింది, ఇంత భయం పెళ్ళిచూపుల్లో కూడా వెయ్యలేదు. ఈ రెండు అంకెలూ నమ్మకండి, నా ఉప్పునీళ్ళ ఎలుకలు రోజూ పొద్దున్నే కాఫీ తాగాయి అని చెప్పేశాను.

పెద్దావిడ కప్పు పెదవుల దగ్గరే ఆగిపోయింది. పెద్దాయన కళ్ళద్దాలు తీసి తుడిచి మళ్ళీ పెట్టుకుని నన్ను చూశాడు, బహుశా తుడిస్తే నేను పోతాననుకున్నాడు. పోసిందెవరని పెద్దావిడ అడిగింది. నేను నోరు తెరిచేలోపే బాబాయి ఖాళీ పళ్ళెంతో ముందుకొచ్చాడు. పది చుక్కలనీ, చల్లార్చాననీ, చక్కెర లేదనీ, తేదీలతో సహా నోటుపుస్తకంలో, ఎవరూ తిప్పి చూడని చివరి పేజీల్లో రాశాననీ ఆవిడకి మనవి చేశాడు. మందు పడ్డవాటికి పొరపాటున ఎప్పుడైనా కాఫీ పోశారా అని ఆవిడ అడిగింది.

"లేదండీ. వాళ్ళకి మందుందిగా. అదీ ఇదీ ఇస్తే అప్పుడు వీళ్ళకి అన్యాయం."

ఆవిడ నవ్వాపుకోలేక కాఫీ ఒలకబోసుకుంది. నవ్వుతూనే నా పుస్తకం మూసేసింది. పోలిక పెట్టడానికి ఉత్త ఉప్పునీళ్ళ ఎలుక ఒక్కటైనా లేనప్పుడు ఇది పరిశోధన కాదు, ఫలహారం అంది. ఇరవై నాలుగు కొత్త ఎలుకలతో మొత్తం మళ్ళీ చెయ్యమంది, ఆరు నెలల తర్వాత మళ్ళీ వస్తానంది. ఈసారి రహస్యం ఇంకొకరికి అప్పగిద్దామని పెద్దాయన అన్నాడు. ఆవిడ ఒప్పుకోలేదు. చేసింది చేసినట్టు రాసి పెట్టుకునే మనిషి ఇంకెక్కడ దొరుకుతాడు, ఈసారి ఎందుకో కూడా చెప్పి చేయించండి అంది.

ఆ నెలాఖరుకి పెద్దాయన రిటైరయ్యాడు. వీడ్కోలు సభలో అందరి పేర్లూ తలుచుకుని నా దగ్గరికొచ్చేసరికి దగ్గాడు. నా కాగితాలు కొత్తాయన బల్ల మీదికి, నా ఉద్యోగం ఆరు నెలల పొడిగింపు మీదికి మారాయి. పొడిగింపు అయ్యేలోగా పట్టా రాకపోతే ఇంటికే అని కొత్తాయన చాలా మర్యాదగా చెప్పాడు.

బాబాయికి ఎందుకో చెప్పడం నా వంతు. ఎలుకల గదిలో రెండు బకెట్లు బోర్లించుకుని ఎదురుబొదురుగా కూర్చున్నాం. ఇన్నేళ్ళలో ఆ గదిలో నేను కూర్చోవడం అదే మొదటిసారి.

"ఈ పన్నెండు మందికి ఏమీ పెట్టకపోతేనే, మందు వల్ల లాభముందో లేదో తెలుస్తుంది బాబాయ్. ఉందని తెలిస్తే రేపు ఆస్పత్రిలో అందరికీ పెట్టొచ్చు."

వంటయ్యాక ఉప్పూ ఉడుకూ చూడ్డానికి ఒక ముద్ద తీసి చూస్తారే, అలాంటిదా అని బాబాయి అడిగాడు. సరిగ్గా అలాంటిదే అన్నాను, సులువుగా అర్థమైనందుకు సంతోషపడ్డాను కూడా.

"ఆ ముద్ద మళ్ళీ పంక్తిలోకి రాదు," అన్నాడు.

అయినా తనే సరేనన్నాడు. కాకపోతే ఎలుకలకి లేని కాఫీ తనకీ వద్దన్నాడు. ఆ ఆరు నెలలూ మా విభాగం పడ్డ పాట్లు పగవాడికి కూడా వద్దు. ముప్ఫై ఏళ్ళుగా రోజుకి ఆరు కప్పులు తాగిన మనిషి ఒక్కసారి మానేస్తే ఏమవుతుందో చూడ్డానికి ప్రయోగం అక్కర్లేదు. పదింటికల్లా తలనొప్పి, పదకొండింటికి కోపం, మధ్యాహ్నం కునుకు. కొత్తాయన్ని చెప్పులు బయట విడిచి రమ్మని కసిరాడు. నన్ను గడప దాటనివ్వలేదు, నా ఒంటి మీద కాఫీ వాసన వస్తోందట. రసాయనం ఒక్కడే దర్జాగా లోపలికీ బయటికీ తిరిగాడు.

కొత్త ఎలుకలకీ వరసలు పడ్డాయి. ఒక చిన్న ఆడ ఎలుకకి మరదలు అని పెట్టాడు. బాబాయి అడుగుల చప్పుడు వినబడగానే అది పంజరం ముందుకొచ్చి కూర్చుంటుందని నడవలో కనబడ్డ వాళ్ళందరికీ చెప్పేవాడు. అది మందు పంక్తిలో ఉందో ఉప్పునీళ్ళ పంక్తిలో ఉందో మాత్రం మొహంలో కూడా కనబడనివ్వలేదు.

ఇరవై నాలుగో ఎలుక పూర్తయిన మధ్యాహ్నం కొత్తాయన ముందు నోటుపుస్తకం తెరిచాం. మందు పడ్డవి సగటున ముప్ఫై తొమ్మిది నిమిషాలు. ఉప్పునీళ్ళవి పందొమ్మిది. పక్కపక్కన పెట్టి చూస్తే చిన్నపిల్లలకి కూడా తెలిసే తేడా. ఎలుకల్లో ఇలా ఉందంటే మనుషుల్లో చూడాల్సిన పని చాలా ఉందన్నమాటే, అయినా మందు పక్కన పెట్టేది కాదని తేలింది. కొత్తాయన లేచి నాకు చెయ్యి కలిపాడు. పట్టాకి ఢోకా లేదు, ఉద్యోగం కాగితాలు ఇవాళే పైకి పంపుతానన్నాడు. నేను అక్కడే మా అత్తగారికి ఫోన్ చేసి ఏడ్చాను, ఆవిడ ఎలుక కరిచిందా అని అడిగింది.

తర్వాత మెట్లు రెండేసి చొప్పున దిగి కిందికి పరిగెత్తాను. బాబాయి ఖాళీ అయిన పంజరాలు కడుగుతున్నాడు. ముప్ఫై తొమ్మిది, పందొమ్మిది అని గుమ్మంలోంచే అరిచాను. పంపు కట్టేసి, చేతులు తుడుచుకుని, మంచిదమ్మాయ్ అన్నాడు. ఇక నువ్వు కాఫీ తాగొచ్చు బాబాయ్ అన్నాను. దానికీ తలూపాడు. గుడ్డ మడతపెడుతూ, మరదలు ఎంతసేపు తట్టుకుందని అడిగాడు.

నా చేతిలో కాగితముంది. అన్నింటిలోకీ తక్కువ అంకె అదే.

"పద్నాలుగు నిమిషాలు," అన్నాను.

"రోజూ నేనొచ్చే వేళకి ముందుకొచ్చి కూర్చునేది. దానికేం తెలుసు, ఏదో పెడతాననుకునేది. నాకు తెలిసే పెట్టలేదు."

మత్తులో దానికేం తెలియలేదు బాబాయ్ అన్నాను. ఆ మాట నిజమే. ఆయన మత్తు గురించి అడగలేదు. పంపు మళ్ళీ తిప్పి పంజరం కడగడం మొదలుపెట్టాడు. ఆ పద్నాలుగు నిమిషాల వల్లే నాకు పట్టా ఖాయమైంది. పట్టా సంగతి చెబుదామనే దిగి వచ్చాను, చెప్పలేకపోయాను.